వేదవతికి ఎగువ ఎవరు, దిగువ ఎవరు?

రాయదుర్గంలో వేదవతి మాట ఎత్తితే చాలు, తీర్పు సిద్ధంగా ఉంటుంది: "పైనోళ్ళు కట్టేసుకున్నారు గదప్పా, ఇంక మనకేం మిగుల్తుంది?" టీ అంగట్లో అదే మాట, ఎన్నికల సభలో అదే మాట, నీటి సదస్సుల తీర్మానాల్లో కాస్త గంభీరంగా అదే మాట. కర్ణాటక ఆనకట్ట కట్టింది, ఏరు ఎండింది, ఇసుక ఎగిరింది, మన సీమ ఎడారి అయింది. ఒక దొంగ, ఒక బాధితుడు, మధ్యలో ఒక సరిహద్దు. నలభై ఏళ్ళుగా ఈ కథ మనకు ఎంత సౌకర్యంగా ఉందంటే, దాన్ని ఒక్కసారైనా తారీఖులతో సరిచూసుకుందామని ఎవరికీ తోచలేదు.

నేను చెప్పదలచింది సూటిగా చెబుతాను. ఆ కథలో పావు వంతు నిజం ఉంది. మిగతా ముప్పావు వంతూ మన చేతుల్లో ఉన్న పని మనం చేయకుండా ఉండడానికి పనికొస్తోంది.

ముందు ఏరు నడక. చిక్కమగళూరు జిల్లా బాబాబుడన్ గిరుల్లో పుట్టిన వేద, అవతి కలిసి వేదవతి అవుతాయి. కడూరు, హొసదుర్గ, హిరియూరు, చళ్ళకెరె తాలూకాలు దాటి గుమ్మఘట్ట మండలంలో మన నేల మీదికి వస్తుంది. భైరవానితిప్ప దగ్గర ప్రాజెక్టు. అక్కణ్ణించి ఉత్తరానికి తిరిగి, రాయదుర్గం, కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతాల మీదుగా సాగి, మళ్ళీ కర్ణాటకలోకే దాటి, బళ్ళారి సీమలో తుంగభద్రను కలుస్తుంది. కింద దాని పేరు హగరి. రెండు రాష్ట్రాల గీతకు కొంతదూరం తోడు నడుస్తుంది, కొంతదూరం ఆ గీతను అటూ ఇటూ దాటుతుంది. కర్ణాటకలోంచి వచ్చి కర్ణాటకలోకే పోతుందన్న ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

దొంగతనం కథకు మొదటి సాక్ష్యం మారికణివె. హిరియూరు దగ్గర రెండు గుట్టల నడుమ మైసూరు సంస్థానం కట్టించిన ఆనకట్ట, 1907లో పూర్తయింది. నిండితే 30 టీఎంసీలు. రాజమాత పేరు మీద వాణీ విలాస సాగర్ అయింది. ఈ జలాశయం 1933లో ఒకసారి మరవ పారింది. మళ్ళీ పారింది 2022 సెప్టెంబరులో, 89 ఏళ్ళకు. 2025 జనవరిలో ఇంకోసారి. అంటే కట్టిన నాటి నుంచి 2022 దాకా ఆ మరవ మీంచి నీళ్ళు కిందికి దూకింది ఒకే ఒక్క ఏడాది. చూశారా, ఇంతకంటే రుజువు ఏం కావాలి అంటారు మనవాళ్ళు.

కావాలి. భైరవానితిప్ప ఎప్పటిది? 1950లలో తలపెట్టి 1961 ప్రాంతంలో ముగించినది. అప్పటికి మారికణివె వయసు అర్ధశతాబ్దం దాటింది. దాన్నించి మిగులు వచ్చింది ఒక్కసారేనని ఆనాటి ఇంజినీర్లకు తెలుసు. తెలిసే 12,000 ఎకరాల ఆయకట్టు గీశారు. ఆ లెక్క దేని మీద కట్టి ఉంటారు? మారికణివెకు కిందనున్న పరీవాహకం మీద. హిరియూరు దగ్గర కలిసే సువర్ణముఖి, చళ్ళకెరె వైపు వంకలు, మన కల్యాణదుర్గం దిక్కు నుంచి దిగే వంకలు, ఈ నీళ్ళ మీద. మరో దారి వాళ్ళకు లేదు. కనుక ప్రాజెక్టు కట్టిన తర్వాత ఏళ్ళ తరబడి నిండకపోవడానికి కారణం, ప్రాజెక్టు కంటే యాభై ఏళ్ళు ముందే ఉన్న ఆనకట్టలో దొరకదు. 1961 తర్వాత ఆ నడిమి పరీవాహకంలో ఏం మారిందో అక్కడ వెతకాలి. వెతికితే వేలు ఒకవైపే చూపడం కుదరదు, అందుకే వెతకం.

రెండో సాక్ష్యం ఇసుక. బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు, గోవిందవాడ పక్కన దిబ్బలు చూసినవాళ్ళెవరూ మరిచిపోరు. ఆషాఢం గాలి లేచిందంటే ఇసుక పొలం మీద పొరగా కప్పుకుంటుంది, మొలక కనపడదు. రైతు మళ్ళీ చదును చేయించి మళ్ళీ విత్తనం వేయాలి. పత్రికలు ఫోటోలు వేసి 'ఆంధ్రా ఎడారి' అని పేరు పెట్టాయి. కింద వ్యాఖ్య మామూలే: ఎగువన నీళ్ళు ఆపినందువల్ల ఏరు ఎండి ఇసుక లేచింది. అయ్యా, 1904లో ఫ్రాన్సిస్ దొర రాసిన బళ్ళారి జిల్లా గెజిటియర్ తీయండి. అప్పటికి రాయదుర్గం బళ్ళారి జిల్లాలో తాలూకా. నైరుతి గాలికి హగరి ఇసుక లేచి తూర్పు ఒడ్డు పొలాల మీద పడటం ఆనాటికే తెల్లవాళ్ళ పుస్తకాలకెక్కిన సమస్య. మారికణివె ఇంకా కడుతున్న రోజులవి. ఆనకట్ట పూర్తికాక ముందే దిబ్బలున్నాయంటే ఆనకట్ట వాటికి తల్లి కాలేదు. దిబ్బల్ని పెంచి ఉండొచ్చు, ఒప్పుకుంటాను. అయితే వాటిని కట్టిపడేసే చెట్టూ చేమా కొట్టేసింది ఎవరు? కొర్ర, జొన్న, కంది, అలసంద కలగలిపి వేసే చేలను తీసేసి, గట్లు చదును చేసి, కనుచూపు మేర శనక్కాయ ఒక్కటే వేసి, పంట పీకిన తర్వాత ఏడెనిమిది నెలలు నేలను గాలికి వదిలేసింది ఎవరు? బెంగుళూరు నుంచి వచ్చి ఎవరూ చేసిపోలేదు.

మూడోది కాగితం సాక్ష్యం, చదువుకున్నవాళ్ళు చెప్పేది. "బచావత్ ట్రిబ్యునల్ మనకు వేదవతిలో 12.5 టీఎంసీలు ఇచ్చింది, కర్ణాటక ఇవ్వడం లేదు." ఈ వాక్యం ఎన్ని వినతిపత్రాల్లో చదివానో! ట్రిబ్యునల్ 1973లో తీర్పు చెప్పింది, 1976లో వివరణలతో ముగించింది. కృష్ణా జలాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800, కర్ణాటకకు 700, మహారాష్ట్రకు 560 టీఎంసీలు పంచింది. ఆ పంపకం లోపలే కొన్ని ఉపనదులకు హద్దులు పెట్టింది. వేదవతి ఉపపరీవాహకం నుంచి కర్ణాటక 42 టీఎంసీలకు మించి, ఆంధ్రప్రదేశ్ 12.5 టీఎంసీలకు మించి వాడరాదు. మించి వాడరాదు అన్నది పైకప్పు. సరిహద్దు దగ్గర ఇంత నీరు కొలిచి మనకు అప్పగించాలని కర్ణాటకకు పెట్టిన బాకీ కాదు. పైకప్పును బాకీగా చదివి యాభై ఏళ్ళుగా వడ్డీ లెక్కలు కడుతున్నాం. కోర్టుకు పోయిన నాడు మొదటి వాయిదాలోనే ఈ వాదన పడిపోతుంది, దాంతోపాటు మన అసలు ఫిర్యాదు కూడా.

అసలు ఫిర్యాదుకు పనికొచ్చేది ఆ తీర్పులోనే ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. వేదవతి ఉపపరీవాహకంలో కర్ణాటక భూభాగంలోని నీటి పనులకూ, ఆంధ్ర భూభాగంలోని నీటి పనులకూ రక్షణ కల్పించే నిబంధనలను ఒక అనుబంధంగా చేర్చి, వాటిని పాటించాలని ట్రిబ్యునల్ ఆదేశించింది. 1892లో మద్రాసు, మైసూరు చేసుకున్న ఒప్పందంలో హగరి పేరు ఉంది. మద్రాసు అనుమతి లేకుండా మైసూరు దాని మీద కొత్త జలాశయం కట్టరాదు. కృష్ణా నదీ వ్యవస్థకు సంబంధించినంత వరకు ఆ పాత ఒప్పందాన్ని ట్రిబ్యునల్ పక్కన పెట్టి, దాని చోట రెండు వైపులకూ వర్తించే రక్షణ పెట్టింది. రెండు వైపులకూ ఎందుకు? ఈ ఏరు నడక వాళ్ళకు తెలుసు గనక.

ఇప్పుడు మొదట గుర్తుపెట్టుకోమన్న సంగతికి వద్దాం. చళ్ళకెరె దిక్కు చూస్తే కర్ణాటక మనకు ఎగువ. బళ్ళారి దిక్కు తిరిగి చూస్తే మనమే కర్ణాటకకు ఎగువ! భైరవానితిప్ప దగ్గర మనం ఆపుకున్న ప్రతి నీటి బొట్టూ బళ్ళారి తాలూకా హగరి ఒడ్డు రైతు చెలమలోకి పోవలసినదే. అక్కడి కన్నడ రైతు తన ఊరి టీ అంగట్లో కూర్చుని "మేలిన ఆంధ్రదవరు కట్టికొండరు" అని మనల్ని తిట్టుకుంటుంటే అతనికి మనం ఏ జవాబు చెబుతాం? మనం హిరియూరు వాళ్ళను అడిగే ప్రశ్నలన్నీ అతను మనల్ని అడగొచ్చు. వేదవతి మీద బాధితుడి వేషం, దొంగ వేషం రెండూ మనవే. ఆ రెండో వేషం గురించి మన తీర్మానాల్లో ఒక్క ముక్క ఉండదు.

ఈ ఎగువ దిగువలైనా ఏనాటివి? 1953 అక్టోబరు 1 దాకా రాయదుర్గం, బళ్ళారి, ఆదోని, ఆలూరు అన్నీ మద్రాసు రాష్ట్రంలో ఒకే బళ్ళారి జిల్లా. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, మిగతా తాలూకాలు మైసూరుకు పోయాయి. బళ్ళారి తాలూకా ఎవరికన్నదాని మీద జస్టిస్ మిశ్రా విచారణ జరిపి మైసూరుకే అన్నారు. రెండేళ్ళకు రాష్ట్రాల పునర్విభజన సంఘం తుంగభద్ర ప్రాజెక్టును దృష్టిలో పెట్టుకుని బళ్ళారి, హోస్పేట, సిరుగుప్పలను ఆంధ్రకు ఇవ్వమంది, కేంద్రం ఒప్పుకోలేదు. ఇదంతా భాష లెక్కతో, ఓట్ల లెక్కతో, కాలువ లెక్కతో జరిగిన గీత. రాయదుర్గం నేతగాడి చీర మొలకాల్మూరు పేరుతో అమ్ముడవుతుంది, రాయదుర్గం కుట్టిన జీన్సు బళ్ళారి బజారుకు పోతుంది, జబ్బు చేస్తే బళ్ళారి ఆసుపత్రికి పరుగెత్తుతాం. ఇంటింటా రెండు భాషలూ నడుస్తాయి. ఏరు ఒక్కదాని దగ్గరికి వచ్చేసరికి మనకు సరిహద్దు గుర్తొస్తుంది. (గీత మీద అంత భక్తి ఉన్నవాళ్ళం డి.హీరేహాళ్ మండలం ఓబుళాపురం కొండల్లో సరిహద్దు గుర్తులే మాయమై తగవు సుప్రీంకోర్టు దాకా పోయినప్పుడు ఎక్కడున్నామో!)

మరి ఏటిని ఎండబెట్టింది ఏమిటి? కణేకల్లు వైపు ఏటి ఒడ్డున ఎండాకాలం నిలబడి, జేసీబీ తవ్వి వదిలేసిన గుంత గోడను చూడండి. పైన మూరెడు తెల్లటి పొడి ఇసుక. దాని కింద రంగు ముదురుతుంది; గుప్పెట్లో పట్టి పిసికితే ముద్ద కడుతుంది. ఇంకా కింద గులకలు, వాటి సందుల్లోంచి సన్నటి ఊట. అట్టడుగున జిగట మన్ను. ఒకప్పుడు బిందె పట్టుకొచ్చిన ఆడవాళ్ళు చెంబుతో రెండు మూరల ఇసుక తోడి చెలమ చేస్తే నిమిషాల్లో తేట నీళ్ళు ఊరింది ఆ గులకల పొరలోంచే. ట్రాక్టర్లు మోసుకుపోయేది దాని మీదున్న ఇసుకనే. ట్రాలీ నిండాక బండి రోడ్డెక్కుతుంటే వెనక పలక సందుల్లోంచి నీళ్ళు ధారగా కారుతూ తారు మీద ఊరి దాకా చార కడతాయి. వేదవతి నీళ్ళు ఎక్కడికి పోతున్నాయని అడిగేవాళ్ళు ఆ చార వెంబడి నడిస్తే సరిపోతుంది. ఇసుక తవ్వి జిగట మన్ను దాకా పోయాక వరద వచ్చినా ఇంకడానికి పరుపు లేదు. వచ్చిన నీరు వచ్చినట్టే తుంగభద్రకు పోతుంది.

ఈ సీమలో హగరి, పెన్న, చిత్రావతి ఏళ్ళ తరబడి పైకి పారకపోయినా లోపల పారేవి. ఏటి ఇసుకలో వాలు చూసుకుని ఊటకాలువ తవ్వి, లోపలి నీటిని పొలానికి మళ్ళించేవాళ్ళు. వరద వచ్చి కాలువను పూడ్చేది, ఆయకట్టు రైతులంతా మనిషికింత అని పంచుకుని పూడిక తీసేవాళ్ళు. బ్రిటిషు రికార్డుల నిండా ఈ ఊటకాలువల లెక్కలే. ఆ ఊట ఎక్కణ్ణించి వచ్చేది? ఒడ్డు పక్క నేలలో ఇంకిన వాన నీరు మెల్లగా ఏటిలోకి జారడం వల్ల. ఇప్పుడు ఒడ్డు వెంబడి బోర్లు. అవతల హిరియూరు, హొసదుర్గ వైపు వక్క, కొబ్బరి తోటలకు బోర్లు. ఇవతల మన వైపు చీనీ, దానిమ్మ తోటలకు బోర్లు. భూమిలో నీటి మట్టం ఏటి అడుగు కంటే లోతుకు పడిపోయింది. ఒడ్డు ఏటికి నీళ్ళివ్వడం పోయి, ఏటిలో వచ్చిన నీళ్ళనే ఒడ్డు తాగేస్తోంది. నడిమి పరీవాహకంలో వంక వంకకూ చెక్‌డ్యాము, ఏటికి అడ్డంగా బ్యారేజీలు వచ్చాయి. వీటిలో చాలా కర్ణాటకవే. నేను ఒప్పుకున్న పావు వంతు నిజం ఇదే. అయితే ఇది ఒక పెద్ద ఆనకట్ట చేసిన దొంగతనం కాదు. వేలమంది రైతులు, రెండు ప్రభుత్వాలు, రెండు ఒడ్డుల మీదా కలిసి చేసిన పని.

దీనికి చట్టం లేకనా? మనకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది. బోరు నమోదు కావాలి, తాగునీటి బావికి దగ్గరగా తవ్వరాదు, భూగర్భ జలాన్ని దెబ్బతీసే ఇసుక తవ్వకం ఆపాలి. కర్ణాటకకు 2011 నాటి భూగర్భ జల చట్టం ఉంది. ఒకే ఇసుక పరుపు, ఒకే ఊట, రెండు చట్టాలు. ఇటు దాడి జరిగితే ట్రాక్టరు అటు ఒడ్డెక్కుతుంది, అటు జరిగితే ఇటు దిగుతుంది. సరిహద్దు వల్ల నిజంగా లాభపడింది వీళ్ళొక్కరే.

"మరి అప్పర్ భద్ర సంగతేంటి?" అని నా మీదికి ఉరికేవాళ్ళుంటారు. ఆ ప్రాజెక్టు మీద ఆంధ్ర ఎత్తిన అభ్యంతరం సబబైనదే. తుంగ, భద్ర నుంచి 29.9 టీఎంసీలు మళ్ళిస్తే తుంగభద్ర జలాశయానికి వచ్చేది తగ్గుతుంది. ఆ జలాశయం ఎగువ కాలువ కింద మనకు రావలసిన 32.5 టీఎంసీలే ఏనాడూ సరిగా రావడం లేదు. 2023 బడ్జెట్లో కేంద్రం అప్పర్ భద్రకు 5,300 కోట్లు ప్రకటించినప్పుడు మన ఎంపీలు ఎంత గట్టిగా మాట్లాడాలో అంత మాట్లాడలేదు. ఆ పోరు తుంగభద్ర పోరు, చేయాల్సిందే. దాన్ని తెచ్చి వేదవతికి ముడిపెడితే మాత్రం నవ్వులపాలవుతాం. ఎందుకంటే భద్ర నుంచి ఎత్తిపోసిన నీళ్ళలో కొంత వాణీ విలాస సాగర్‌కే చేరుతోంది. 2022లో 89 ఏళ్ళ తర్వాత అది మరవ పారడంలో వానతో పాటు ఆ నీళ్ళ చేయీ ఉంది. మనం తిట్టే ప్రాజెక్టే మన ఏటికి నీళ్ళు పంపిన ఏడాది అది.

ఆ 2022 మన కథకు పెట్టిన పరీక్ష కూడా. "పైనోళ్ళు వదిలితే చాలు" అన్నాం గదా, వాన వదిలించింది. వేదవతి ఒడ్డులొరుసుకుని పారింది. వారాల తరబడి పారిన ఆ నీళ్ళలో మనం పట్టుకున్నది ఎంత? భైరవానితిప్ప కడుపులో పూడిక, గొలుసు చెరువుల తూములు పాడు, వాటికి నీళ్ళు తెచ్చే వంకలు ఆక్రమణలో. నీళ్ళు రాకపోతే కర్ణాటక తప్పు. వచ్చిన నీళ్ళు నిలవకపోతే ఎవరి తప్పు? ఇప్పుడేమో జీడిపల్లి నుంచి కృష్ణా నీళ్ళు ఎత్తి భైరవానితిప్పలో పోస్తామన్న పథకం ఏళ్ళుగా సాగుతోంది. రావాలి, వద్దనను. శ్రీశైలం నుంచి మెట్టు మెట్టుకూ కరెంటు పోసి ఎక్కించిన నీళ్ళను పూడిన చెరువులోకి వదలడం, ఇసుక లేని ఏటిలో పారించడం మాత్రం తెలివైన పని కాదు.

తగవును ఎలా పెంచాలో, ఎలా తీర్చాలో రెండూ చూసినవాళ్ళం. 2023 నవంబరు 30న, తెలంగాణలో ఓట్లు పడుతున్న రోజున, నాగార్జున సాగర్ గేట్లలో సగం మావంటూ మన పోలీసులు ముళ్ళకంచె వేశారు. నిన్నటిదాకా ఒక్క రాష్ట్రంగా ఉన్నవాళ్ళే కృష్ణను 13 గేట్ల చొప్పున పంచుకున్నారు. చివరికి కేంద్ర బలగాలు వచ్చి కూర్చున్నాయి. ఇంకో దృశ్యం 2024 ఆగస్టు 10 రాత్రిది. తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. అనుభవజ్ఞుడైన ఇంజినీరు కన్నయ్య నాయుడు దగ్గరుండి చూసుకోగా, పారుతున్న నీళ్ళలోనే స్టాప్‌లాగులు దించి వారంలో వరదను ఆపారు. అక్కడ ఎగువా దిగువా అని ఎవరూ వాదులాడుకోలేదు. ఎందుకు సాధ్యమైంది? 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం కిందనే పుట్టిన తుంగభద్ర బోర్డు అనే ఉమ్మడి యంత్రాంగం ఒకటి ఉంది గనక. దానికి లోపాలు లేకపోలేదు, హోస్పేటలో దాని లెక్కల మీద ప్రతి ఏటా కీచులాటే. అయినా లెక్క అంటూ ఒకటి ఉంది.

వేదవతికి అదీ లేదు. రాష్ట్రంలోకి ఎంత నీరు వచ్చింది, రాష్ట్రం దాటి ఎంత పోయింది అని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్న కొలత లేదు. కొలతే లేని చోట దొంగతనం నిరూపించడం ఎవరి తరం?

రాయదుర్గం ఓటరుకు నా మనవి. ఈసారి వేదవతి పేరు చెప్పి ఓటడగడానికి వచ్చినవాణ్ణి టీఎంసీలు అడక్కండి. ఏరు మన నేలలోకి వచ్చే చోటా, మళ్ళీ బళ్ళారిలోకి దాటే చోటా, రెండు రాష్ట్రాల ఇంజినీర్లూ కలిసి సంతకం పెట్టే కొలత యంత్రాలు ఎప్పుడు పెట్టిస్తావని అడగండి. రెండు ఒడ్డుల మీదా ఒకే రోజు ఇసుక తవ్వకం ఆపించడానికి బళ్ళారి జిల్లా అధికారులతో కూర్చుంటావా అని అడగండి. ట్రిబ్యునల్ వేదవతి కోసం రాసిన రక్షణ నిబంధనలు చదివావా అని అడగండి. కర్ణాటకను తిట్టడం మొదలుపెడితే, అంతవరకూ ఉన్న టీ తాగించి పంపేయండి.